షుగర్ ఉన్నవారి రోజా: భద్రాచలం అడవి పల్లెల్లో తెలియాల్సిన సంగతులు

భద్రాచలం నుంచి చర్ల దాదాపు 60 కిలోమీటర్లు. ఇఫ్తార్‌కు అరగంట ముందు ఆ దారిలో బైక్ మీద పోతున్న రోజాదారుకు ఒళ్లంతా చెమటపట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్మితే పక్కన ఆస్పత్రి ఉండదు. ఖమ్మం టౌన్‌లో ఉన్నవారికి ఆ ఇబ్బంది తక్కువ. అందుకే చర్ల, దుమ్ముగూడెం లాంటి మండలాల్లో షుగర్ పేషెంట్లు రోజా సంగతి చంద్రుడు కనిపించాక కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

భయపెట్టడానికి చెప్పే మాట కాదిది. 2001లో 13 దేశాల్లో 12,243 మంది షుగర్ ఉన్న ముస్లింలపై ఎపిడయార్ అనే అధ్యయనం జరిగింది. టైప్ 2 ఉన్నవారిలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలలకంటే రంజాన్‌లో దాదాపు ఏడున్నర రెట్లు పెరిగిందని తేలింది. అయినా టైప్ 2 వారిలో 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. "షుగర్ ఉంది, ఉండొద్దు" అని ఒక్క మాటలో తేల్చేస్తే జనం వినరన్నమాట. ఎలా ఉండాలో చెప్పాలి.

అసలు ఉండకూడని వారూ ఉన్నారు. టైప్ 1 షుగర్ అదుపులో లేనివారు, ఇన్సులిన్ తీసుకునే గర్భిణులు, డయాలసిస్‌లో ఉన్నవారు, గత మూడు నెలల్లో షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పినవారు, పడిపోతున్నా ఒంటికి తెలియనివారు. జబ్బు చేసినవారికి ఖురాన్ (సూరా బఖరా 184, 185 ఆయతులు) మినహాయింపు ఇచ్చింది. నయమయ్యే జబ్బయితే తర్వాత ఖజా, నయం కానిదైతే రోజుకో పేదవాడికి అన్నం పెట్టే ఫిద్యా. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఉలమాలు చెబుతున్నారు. అయినా ఆ భయంతోనే పగలు మీటర్ ముట్టనివారు చాలామంది.

మందుల దగ్గరే అసలు పొరపాటు జరుగుతుంది. పొద్దున వేసుకునే గోళీని అలాగే సహరీలో వేసేసుకుంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పెద్దగా భయం లేదు, మూడు పూటలా వాడేవారు మధ్యాహ్నం డోసును ఇఫ్తార్‌తో కలపవచ్చు. గ్లిమిపిరైడ్ రకం మందులతోనే షుగర్ ఢామ్మని పడిపోతుంది. రోజుకు ఒక్కసారి వేసుకునేదైతే ఇఫ్తార్‌కు మార్చుతారు, రెండుసార్లయితే సహరీ డోసు తగ్గిస్తారు. పాతకాలపు గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి దాన్ని మార్చమనే డాక్టర్లు చెబుతారు. ఇన్సులిన్ డోసూ తగ్గించాల్సి ఉంటుంది. ఎంత అన్నది ఒక్కో మనిషికి ఒక్కో లెక్క, పక్కింటి చాచా చీటీ చూసి మార్చుకునేది కాదు.

పగలు షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా రోజా విప్పేయాలి, ఇఫ్తార్ పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. 70, 90 మధ్య ఉంటే గంటలోపే మళ్లీ చూడాలి. పడిపోయినప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అడవి దారిన పోయేవారి జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉండాల్సిందే.

ఇప్పుడు రంజాన్ ఫిబ్రవరి, మార్చిలో వస్తోంది. 2019లోలా మే ఎండలు లేవు, కానీ ఖమ్మం మిర్చి యార్డుకు ఇదే సీజన్. బస్తాలు మోసే హమాలీలకు షుగర్ ఉంటే ఆ బరువు పని మధ్యాహ్నం దాటాక తగ్గించుకోవాలి. రాత్రి తరావీహ్ కూడా ఒంటికి కసరత్తే. సహరీ మానేసి పడుకోవడం అన్నిటికన్నా తప్పు. జొన్న రొట్టె, పప్పు, గుడ్డు లాంటివి ఎంత ఆలస్యంగా తింటే అంత మేలు. ఇఫ్తార్‌లో ఒకటి రెండు ఖజూర్లు, నీళ్లు చాలు. షర్బత్, సమోసా, జిలేబీ ఒక్కసారే పడితే షుగర్ ఎక్కడికో పోతుంది.

ఈద్ రోజు షీర్‌ఖుర్మా గిన్నె చిన్నదై ఉండాలి. రంజాన్ కోసం మార్చిన డోసు పండగయ్యాక కూడా అలాగే కొనసాగించి ఇబ్బంది పడేవారున్నారు. మరుసటి రోజే డాక్టర్‌ను అడిగి పాత టైముకు తెచ్చుకోవాలి.