ఆఫ్రికానస్‌ను లెక్క అడిగారు

లెక్కల పుస్తకం పట్టుకురమ్మని తమ్ముడు లూసియస్‌ను పంపాడు రోమన్ సేనాని స్కిపియో. పుస్తకం రాగానే పైకెత్తి సెనేట్‌లో అందరికీ చూపించాడు. ఆ వెంటనే వాళ్ల కళ్లెదుటే పరపరా చించేశాడు. లెక్క కావాలంటే ఆ ముక్కల్లో వెతుక్కోమని అడిగినాయన మొహానే చెప్పాడు.

గొడవంతా రోమ్ చేతిలో ఓడిన సిరియా రాజు ఆంటియోకస్ ఇచ్చిన సొమ్ము గురించి. 3,000 టాలెంట్లు ఎలా ఖర్చయ్యాయని ఆరా తీస్తున్నారు సరే, అదే రాజు నుంచి 15,000 టాలెంట్లు ఎవరివల్ల వస్తున్నాయో అడగరేం అని స్కిపియో ఎదురు ప్రశ్న. సభ నోరు మూయించాడు గానీ, అడిగినదానికి అది జవాబు కాదు.

జవాబు చెప్పే అలవాటు ఆయనకు ఎప్పుడో తప్పిపోయింది. క్రీ.పూ. 202లో ఆఫ్రికాలోని జామా దగ్గర కార్తేజ్ సేనాని హన్నిబాల్‌ను ఓడించాక పబ్లియస్ కోర్నెలియస్ స్కిపియో పేరు చివర ‘ఆఫ్రికానస్’ చేరింది. గెలిచిన దేశం పేరును బిరుదుగా పొందిన సేనానుల్లో ఆయనే మొదటివాడని చరిత్రకారుడు లివీ రాశాడు. అంత పేరున్నవాణ్ని పద్దులడగడమా? ఆయన రాజకీయ ప్రత్యర్థి కేటో మాత్రం అడగాల్సిందేనన్నాడు. స్కిపియో మీద కేసు పెట్టమని ట్రిబ్యూన్లను, అంటే ప్రజల తరఫు అధికారులను, ఉసిగొల్పింది కేటోయేనంటారు.

విచారణ రోజు తెల్లవారేసరికే ట్రిబ్యూన్లు ఫోరంలోని వేదిక మీద కూర్చున్నారు. పిలుపు అందగానే స్కిపియో మిత్రులతో, ఆశ్రితులతో జనం మధ్యనుంచి నడిచొచ్చాడు. ఆరోపణల ఊసే ఎత్తలేదు. హన్నిబాల్‌ను గెలిచింది ఈ తేదీనే కాబట్టి వ్యాజ్యాలు పక్కనపెట్టి దేవుళ్లకు దణ్ణం పెట్టుకోవడానికి కాపిటల్ గుడికి వెళ్తున్నానని, రాదలచినవాళ్లు రావచ్చని చెప్పి కదిలాడు. జనమంతా లేచి వెంటబడ్డారు. చివరికి ట్రిబ్యూన్ల గుమాస్తాలు కూడా! వేదిక దగ్గర మిగిలింది ట్రిబ్యూన్ల బానిసలూ, ముద్దాయి పేరు పిలిచే బంట్రోతూ.

రోమ్‌లో ఆయన వైభవానికి అదే ఆఖరి రోజు. మళ్లీ వాయిదాకు రాలేదు. ఒంట్లో బాగాలేదని తమ్ముడు చెప్పుకోవాల్సి వచ్చింది. స్కిపియో దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న లిటర్నమ్‌లో తన ఇంటికి వెళ్లిపోయి, క్రీ.పూ. 183 ప్రాంతంలో అక్కడే పోయాడు. రెండు వందల ఏళ్లు దాటాక ఆ ఇంట్లో బస చేసిన తత్వవేత్త సెనెకా, ఇరుకైన చీకటి స్నానాలగది చూసి, కార్తేజ్‌ను గడగడలాడించినవాడు ఒళ్లు కడుక్కున్నది ఇక్కడేనా అని ఆశ్చర్యపోయాడు.

కేసు మాత్రం స్కిపియో ఒక్కడితో ఆగలేదు. అదే సొమ్ము విషయంలో లూసియస్‌ను దోషిగా తేల్చి ఆస్తి జప్తుకు మనుషుల్ని పంపారు. లివీ చెప్పేదాని ప్రకారం, లూసియస్ ఇంట్లో రాజుగారి సొమ్ము ఆనవాళ్లు దొరకలేదు సరికదా, ఉన్నదంతా కలిపినా జరిమానాకు సరిపోలేదు.