పుళ్ళు, పులుగు, శకునం: ఒక గ్రీకు మాట తోడుగా

పొల్లాచ్చి ప్రాంతపు తెలుగు వైష్ణవ కుటుంబాలలో మార్గళి మాసమంటే తిరుప్పావై. తెలుగు లిపిలో అచ్చైన పుస్తకం చేతబట్టి చదివే పిల్లలు నేటికీ ఉన్నారు. అట్టి ఒక బాలిక ఆరవ పాశురంలోని ‘పుళ్ళు’ అనే మాట వద్ద ఆగి, “అయ్యవారూ, ఇది అరవమా, మనదా?” అని నన్నడిగింది. పక్కనున్న తల్లిగారు “అరవమే. మనం పక్షి అనాల” అని వెంటనే దిద్దినారు. ఆ దిద్దుబాటు నన్ను కొంత బాధించిన మాట నిజం. పక్షి సంస్కృతం నుండి వచ్చిన మాట. పుళ్ళుకు తోబుట్టువైన అచ్చతెలుగు మాట వేరే ఉన్నది: పులుగు. పులుగుఱేడు అంటే పక్షిరాజు గరుత్మంతుడు. ఇంట పలికే మాట తమిళమును పోలియుంటే చాలు, అది చెడిన తెలుగని తీసివేయు అలవాటు మన ఇళ్ళలోనే గాక మన తరగతులలోనూ ఉన్నది. ఆ విధంగా తీసివేసిన వాటిలో ఎన్ని పాత తెలుగు మాటలున్నవో లెక్కించినవారు లేరు.

ఈ పుళ్ళు కథ తెలియవలెనంటే కొంత దూరం పోయి రావలె. కోయంబత్తూరుకు వాయవ్యాన ఆనైకట్టిలో సలీం అలీ పేరిట 1990లో ఒక పక్షిశాస్త్ర కేంద్రం వెలసింది. దాని ఇంగ్లీషు పేరులోని ‘ఆర్నిథాలజీ’లో ఉన్నది ‘ఒర్నిస్’ అనే ప్రాచీన గ్రీకు పదం. ఒర్నిస్ అంటే పక్షి. మరి ‘థ’ ఎక్కడిదని పిల్లలడిగితే చెప్పుట సులభం. మనకు ఇల్లు అన్న మాట విభక్తి చేరునప్పుడు ‘ఇంటి’ అయినట్లే, వారికి ఒర్నిస్ ‘ఒర్నిథోస్’ అవుతుంది. ఔపవిభక్తికములు బోధించునాడు ఈ ఉదాహరణ నాకు బాగా పనికివచ్చినది.

గ్రీకులు ఆ మాటను పక్షితో ఆపలేదు. ఏ పక్షి ఏ వైపు ఎగిరినదో చూచి మంచిచెడ్డలు నిర్ణయించేవారు గనుక, ఒర్నిస్ అంటే శకునమనే అర్థం కూడా ఏర్పడింది. తరువాత పక్షి లేని శకునానికీ అదే పేరు. క్రీ.పూ. 414లో ఏథెన్సులో ఆడిన ‘పక్షులు’ అనే నాటకంలో అరిస్టోఫనీసు దీనిని హాస్యానికి వాడుకొన్నాడు. తుమ్ము మీకు పక్షే, ఎదురుపడిన మనిషి పక్షే, సేవకుడు పక్షే, చివరకు గాడిద కూడా పక్షే గదా అని అందులోని పక్షులు మనుషులను ఎగతాళి చేస్తాయి. హోమరు ఇలియడ్ పన్నెండవ సర్గలో శకునపక్షికి వాడిన మాట ‘ఒయోనోస్’. అక్కడ పామును పట్టుకొని ఎగిరే గరుడపక్షిని చూచి వెనుకకు మరలుదామన్న పొలిడమాసును హెక్టరు కోప్పడతాడు. దేశం కోసం పోరాడుటే మేలైన శకునమని అతని వాదన. అతడు తరువాత ఏమైనాడో ఇలియడ్ చదివినవారికి తెలుసు!

రోమనులదీ ఇదే దారి. లాటినులో పక్షిని చూచుట అనే అర్థం గల మాట నుండే ఇంగ్లీషులో శుభప్రదమైన దానిని ‘ఆస్పీషియస్’ అంటున్నారు.

ఇక మన వైపు. సంస్కృతంలో ‘శకునము’ అంటే మొదట పక్షే. అడవిలో విడిచిన పసిపాపను శకుంతములు, అనగా పక్షులు, కాపాడినందున ఆమె శకుంతల అయినది. నన్నయ ఆదిపర్వంలో ఈ కథను మనకు తెలుగులో చెప్పినాడు. అయితే వాడుక తెలుగులో శకునం తన రెక్కలు పోగొట్టుకొన్నది. తుమ్ము శకునం, బల్లి శకునం అంటాము. ఏథెన్సు వారిని చూచి నవ్వుటకు మనకేమి హక్కు? కీడు పలికేవాడిని ‘శకునపక్షి’ అంటున్నాము. పాత అర్థంలో చూస్తే అది పక్షిపక్షి.

తమిళంలో పుళ్‌కు కూడా పక్షి, శకునం అనే రెండర్థాలూ ఉన్నవి. పురనానూరు 204వ పాటలో, ఆశించి పోయి కానుక దొరకనివారు దాతను నిందించరు, పుళ్ళునూ వేళనూ నిందిస్తారని కవి అంటాడు. అక్కడ పుళ్ అంటే శకునమే. మన పులుగుకు మాత్రం ఆ రెండవ అర్థం అంటలేదు. ఆ పని శకునం చేసింది. పక్షి అనే మొదటి పనిని వాడుకలో పక్షి, పిట్ట పంచుకొన్నవి. ఏ పనీ మిగలక పులుగు కావ్యాలలోకీ నిఘంటువులలోకీ వెళ్ళిపోయినది.

ఒర్నిస్‌కూ ఇటువంటి గతే పట్టినది. ఏథెన్సు వాడుకలోనే అది ఇంటి కోడికి పేరుగా కుదించుకొన్నది. నేటి గ్రీకులో ‘ఒర్నిథా’ అంటే కోడిపెట్ట. పక్షిని వారిప్పుడు ‘పులీ’ అంటారు. ఇది వినగానే మన పులుగే గ్రీసుకు పోయినదని సంతోషించువారుంటారు. నేనూ ఒకనాడు సంతోషించినవాడనే. కాని అది లాటినులో పిల్లపక్షికి ఉన్న ‘పుల్లుస్’ నుండి వచ్చినది. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపరాదు. పుళ్ళుకూ పులుగుకూ ఉన్నది ఒక కుటుంబపు చుట్టరికం. పులీకీ పులుగుకూ ఉన్నది దారిన పోయేవారి పోలిక.

ఈ ఊళ్ళ పేర్లు కూడా తరగతిలో చెప్పదగినవి. వైదీశ్వరన్ కోయిల్‌కు పాత పేరు పుళ్ళిరుక్కువేళూరు. పుళ్ అంటే జటాయువు, ఇరుక్కు అంటే ఋగ్వేదం, వేళ్ అంటే మురుగన్, ఈ ముగ్గురూ అక్కడ శివుని కొలిచినారని స్థలపురాణం. రాయలసీమలోని లేపాక్షికి కూడా జటాయువు కథే చెబుతారు. రాముడు నేలకూలిన జటాయువును ‘లే పక్షీ’ అన్నాడట. అది జనులు చెప్పుకొనే వ్యుత్పత్తి మాత్రమే. అయినా పిల్లలకు మరపురాదు.

ఈ రెండూ నల్లబల్లపై పక్కపక్కన వ్రాసిన నాడు ఆ బాలికే మరల చేయి ఎత్తింది. “అయితే రాముడు ‘లే పులుగా’ అని ఎందుకనలేదు, అయ్యవారూ?”