పొలమునకు దారి చూపు సూచిక



పొలము కొనదలచినవాడు మొదట అడుగు ప్రశ్నలు రెండు. ఈ నేల ఎవరిది? దీనిపై ఎవరికైనను తనఖా కలదా? ఈ రెంటికిని సమాధానము రిజిస్ట్రారు కచేరీలోని పుస్తకములయందుండును. కాని వేలకొలది పుటలలో అది ఏ పుటయందున్నదో చెప్పునది వేరొక పుస్తకము. దానిని ఇండెక్సు అందురు. తెలుగున సూచిక యనవచ్చును. ఆ సూచిక ఎట్లు ఏర్పడెనో, ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారునప్పుడు మన ఆస్తులకు కలుగు అపాయమేమో నేడు మనవి చేసెదను.

పూర్వము గ్రామములందు కరణములు కవిలెలు వ్రాసి ఉంచెడివారు. ఏ చేను ఎవరి తాత సాగుచేసినది, ఏ గట్టు ఎప్పుడు జరిగినది అను సంగతులకు కరణముగారి జ్ఞాపకమే సూచిక. ఆయనను అడిగినచో క్షణములో పుట తీసి చూపెడివాడు. 1984లో ఆ ఉద్యోగములు రద్దయినవి. లెక్కల పుస్తకములు మిగిలినను, వానికి దారి చూపు జ్ఞాపకము పెక్కుచోట్ల ఆ మనుష్యులతోడనే పోయినది. పుస్తకము వేరు, దానిని వెదకు శక్తి వేరు అని మనకు తెలిపిన మొదటి పాఠమిదియే.

రిజిస్ట్రేషను కచేరీలయందు ఈ శక్తిని ఒక మనుష్యుని జ్ఞాపకమునకు విడువక, చట్టమే కాగితముపై నిలిపినది. 1909 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము నాలుగు సూచికలను విధించెను. మొదటి సూచిక వ్రాసియిచ్చినవారి పేర్లకును, వ్రాయించుకొన్నవారి పేర్లకును సంబంధించినది. రెండవది ఆస్తి వివరములకు, మూడవది వీలునామాలకు, నాలుగవది ఇతర దస్తావేజులకు. మొదటి రెండు సూచికలను రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును.

పేరునకొకటి, నేలకొకటి ఏల? ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు నలుగురుందురు. ఒకరి ఇంటిపేరును ఒక గుమస్తా ఒక విధముగా, మరియొక గుమస్తా వేరొక విధముగా వ్రాయవచ్చును. పేరుతో దొరకనిది సర్వే నెంబరుతో దొరకును. నెంబరు తప్పినచోట పేరు ఆదుకొనును. రెండు దారులున్న ఊరికి ఒక దారి మూతపడినను రాకపోకలు ఆగవు గదా!

అయితే నేల కదలకున్నను దాని గుర్తులు మారుచుండును. చిలకలూరిపేట ప్రాంతపు పొలమునే చూడుడు. 1904కు పూర్వమది కృష్ణా జిల్లాలోనిది. ఆ సంవత్సరము గుంటూరు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి పల్నాడు జిల్లాలోనిదైనది. అంగుళమైనను జరుగక ఆ చేను మూడు జిల్లాల పేర్లు మోసినది. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడెల్ల సర్వే నెంబరునకు తోకనెంబర్లు పుట్టినవి. తాతగారి దస్తావేజులో ఒక నెంబరు, మనుమని దస్తావేజులో వేరొక నెంబరు. ఈ రెంటిని కలుపు సూచిక తెగినచో హక్కుయొక్క గొలుసు తెగినట్లే.

1998 నవంబరు 4వ తేదీన మన రాష్ట్రమున 214 రిజిస్ట్రేషను కచేరీలలో కార్డ్ అను పథకముక్రింద కంప్యూటర్లు పని ప్రారంభించినవి. అంతకుముందు పదునైదు సంవత్సరముల సూచికలను పుస్తకములనుండి చూచి యంత్రములోనికి ఎక్కించిరి. కనుకనే 1983నుండి జరిగిన రిజిస్ట్రేషనుల ఈసీ కంప్యూటరునందు లభించును. అంతకు పూర్వపుది కావలెనన్నచో కచేరీలోని పాత పుస్తకములు వెదకింపవలెను. ఇందొక సూక్ష్మము కలదు. ఈసీలో ఏమియు కనబడకపోయినంతమాత్రమున నేలపై భారము లేదని అర్థము కాదు. మనమిచ్చిన వివరములతో, మనమడిగిన కాలములో ఏమియు దొరకలేదని మాత్రమే అర్థము. రిజిస్టరు కాని వ్యవహారములు అందు కనబడనే కనబడవు.

ప్రపంచమందలి సమాచారమును వెదకిపెట్టు గూగుల్ వంటి యంత్రములకును ఇట్టి సూచికయే ప్రాణము. ఏ మాట ఏయే పత్రములలో ఉన్నదో ముందుగా పట్టిక వ్రాసికొనియుండుటచేతనే అవి క్షణములో సమాధానమిచ్చును. ఆ విద్యలో ఆరితేరినవారు సూచికను మార్చునప్పుడు పాతదానిని చెరిపి దానిపై క్రొత్తది వ్రాయరు. పాతది పనిచేయుచుండగనే ప్రక్కన క్రొత్తది కట్టుదురు. రెంటియందును పద్దుల లెక్క సరిచూతురు. ఒకే ప్రశ్న రెంటిని అడిగి సమాధానములు పోల్చుదురు. పిమ్మటనే వచ్చువారిని క్రొత్తదాని వైపు మరలింతురు. క్రొత్తదానియందు లోపము కనబడినచో వెంటనే వెనుకకు మరలుటకై పాతదానిని కొంతకాలము భద్రపరతురు. క్రొత్త ఇల్లు కట్టి గృహప్రవేశము చేయకమునుపే పాత ఇల్లు కూల్చుకొను గృహస్థు ఉండునా?

ఈ నియమమునకు మన గ్రామములయందిప్పుడు పని కలిగినది. 2020 డిసెంబరు 21న రాష్ట్రమున ప్రారంభమైన పునఃసర్వే పూర్తియైన గ్రామములందు పాత సర్వే నెంబర్లకు మారుగా ఎల్.పీ. నెంబర్లు ఇచ్చిరి. ఇకముందు క్రొత్త నెంబరుతోనే క్రయవిక్రయములు జరుగును. కాని మన పెట్టెలలోని దస్తావేజులన్నియు పాత నెంబరుతోనే ఉన్నవి. కావున ప్రతి గృహస్థును ఒక కాగితముపై పాత నెంబరు, తోకనెంబరు, క్రొత్త నెంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు, దస్తావేజు నెంబరు, సంవత్సరము వరుసగా వ్రాసి పాత దస్తావేజులతో భద్రపరచుకొనవలెను. విస్తీర్ణములో భేదము కనబడినచో తెలిసిన పెద్దలు బ్రదికియుండగనే అధికారులకు వ్రాతమూలముగా తెలుపుకొనవలెను. హద్దురాయి ఎచ్చట ఉండెడిదో చూపగల వృద్ధుడు ఊరికొక సజీవ సూచిక. ఆయన చెప్పునది నేడే కాగితముపై పెట్టుడు.

దస్తావేజు హక్కునకు సాక్షి. సూచిక ఆ సాక్షియున్న చోటు చెప్పునది. సాక్షి ఎంత సత్యవంతుడైనను, ఎచ్చట నున్నాడో తెలియనినాడు వ్యాజ్యమున గెలుపు దుర్లభము. ఈ మాట తమ పిల్లలకును చెప్పుడని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.