కెనడాలో బాలల దీర్ఘకాలిక సంరక్షణ ఉత్తర్వులు

ఇంట్లో హింసకో నిర్లక్ష్యానికో గురైన పిల్లలను కోర్టు ఉత్తర్వుతో తల్లిదండ్రుల దగ్గర నుంచి తప్పించి, పెద్దయ్యేదాకా మరొకచోట పెంచే ఏర్పాటు ఇది. కెనడాలో శిశు సంక్షేమం ప్రధానంగా ప్రావిన్సుల బాధ్యత కనుక చట్టాలు ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండవు. పందొమ్మిదో శతాబ్దంలో దిక్కులేని పిల్లలకు అనాథాశ్రమమో, పొలంలో పాలేరుతనమో గతి. 1869 నుంచి బ్రిటన్ పంపిన సుమారు లక్షమంది పిల్లల్లోనూ చాలామంది పొలం పనులకే కుదిరారు.

ఈ పద్ధతికి ఎదురు నిలిచినవాడు జె. జె. కెల్సో. టొరంటోలో విలేఖరిగా వీధి పిల్లల బతుకులు చూసిన ఆయన చొరవతో 1891లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ ఏర్పడింది. 1893 నాటి ఒంటారియో చట్టం పిల్లలను స్వాధీనం చేసుకుని సంరక్షకులుగా ఉండే అధికారాన్ని ఇలాంటి సొసైటీలకు ఇచ్చింది. అదే ఏడాది ప్రావిన్సు సూపరింటెండెంటైన కెల్సో 1934 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆశ్రమాలకన్నా పెంపుడు ఇళ్ళే మేలన్న ఆయన పట్టుదల మెచ్చదగినది. 1908 నాటి ఫెడరల్ చట్టంతో బాలల కోర్టులు వచ్చాయి. తొలి కోర్టు 1909లో విన్నిపెగ్‌లో మొదలైంది. తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఈ వ్యవస్థ దేశమంతా పాకింది. దానితోపాటే, ఇంటి నుంచి తప్పిస్తే బిడ్డ గట్టెక్కినట్టేనన్న నమ్మకమూ పాకింది.

ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో ఆదివాసీ కుటుంబాలు చవిచూశాయి. ఇండియన్ చట్టానికి 1951లో చేసిన సవరణతో ప్రావిన్సుల చట్టాలు ఆదివాసీల రిజర్వులకూ వర్తించాయి. ఆపైన వేలాదిమంది పిల్లలు ఆదివాసేతర ఇళ్ళకు చేరారు; దీనికే ‘సిక్స్‌టీస్ స్కూప్’ అని పేరు. మానిటోబాలో ఆరు వారాల వయసులో తల్లికి దూరమైన ఒక పాప వ్యాజ్యం సుప్రీంకోర్టులో తేలేసరికి 1983 వచ్చింది, ఆమెకు ఏడేళ్ళు నిండాయి. కాలం గడిచేకొద్దీ సంస్కృతి కన్నా పెంచినవారితో అనుబంధమే బలపడుతుందని జస్టిస్ బెర్తా విల్సన్ తీర్పు రాసి, దత్తతను ఖాయం చేశారు. ఆ బిడ్డ వరకు తర్కం సబబే. కానీ వ్యాజ్యం నడిచిన ఏళ్ళు కూడా పెంచినవారి పక్షాన సాక్ష్యమైపోయాయి.

అందుకే చట్టాలు గడువులు పెట్టాయి. తాత్కాలిక సంరక్షణకు ఒంటారియోలో ఆరేళ్ళలోపు వారికి 12 నెలలు, ఆపై వారికి 24 నెలలు పరిమితి. క్విబెక్ 2007 నుంచి వయసునుబట్టి 12, 18, 24 నెలలని విభజించింది. గడువు న్యాయంగా ఉండాలంటే ఆలోగా తల్లిదండ్రులకు చికిత్స, ఇల్లు, వకీలు అందాలి. కొన్ని కేసుల్లో ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. రక్తబంధానికి పెద్దపీట వేస్తే పిల్లల ప్రాణానికే ముప్పన్న అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 2019లో క్విబెక్‌లోని గ్రాన్బీలో, అధికారుల దృష్టిలో ఉండగానే ఏడేళ్ళ పాప చనిపోవడంతో పిల్లల రక్షణ వ్యవస్థపై విచారణకు లోరాన్ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. అయితే బంధువుల దగ్గర ఉంచడమూ, హింసించిన ఇంటికే తిరిగి పంపడమూ ఒకటి కావు. 2020లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం ఆదివాసీ పిల్లలను ఎక్కడ ఉంచాలో చెబుతూ తల్లిదండ్రుల తర్వాత బంధువులకు, ఆపై సొంత సమాజానికి ప్రాధాన్యమిచ్చింది. బిడ్డ మేలుకు లోబడే ఈ వరుస. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 2021 జనగణన ప్రకారం పద్నాలుగేళ్ళ వరకు వయసున్న పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతం, పెంపుడు సంరక్షణలో ఉన్నవారిలో 53.8 శాతం. ఈ అంతరం తగ్గనంతవరకు సంస్కరణ పూర్తయిందనడానికి వీల్లేదు.