"పేరేమైనా మార్చుకున్నారా?" - హార్వర్డ్ అడ్మిషన్ల నూరేళ్ళ కథ

మార్చి నెలాఖరు వచ్చిందంటే మన ఇళ్ళలో ఫోను తియ్యగానే వినపడే మొదటి ప్రశ్న, "మీవాడికి ఎక్కడెక్కడ వచ్చింది?" అని. ఆ తర్వాత మాట కూడా అందరికీ తెలిసిందే. "శాట్‌లో అన్ని మార్కులు వచ్చినా మా అమ్మాయికి రాలేదండీ, ఎవరికో ఇచ్చారు. మన రోజుల్లో ఎంసెట్ ర్యాంకు ఉండేది. నోటీసు బోర్డు మీద అంటించేవారు, గొడవే లేదు." ఆ "గొడవే లేదు" అన్న మాట సంగతి కాస్సేపటి తర్వాత చూద్దాం. ముందు ఈ అమెరికా పద్ధతి, అంటే మార్కులే కాకుండా మనిషినంతా చూస్తామనే పద్ధతి, ఎక్కడ పుట్టిందో చెప్తాను. చాలామంది ఇది ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అనుకుంటారు. నిజానికి దీనికి నూరేళ్ళు దాటాయి. పుట్టిన కారణం మాత్రం అంత ముచ్చటైనది కాదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్‌లో చేరడానికి ప్రవేశ పరీక్ష రాయాలి. పాసైతే సీటు, లేకపోతే లేదు. ఇన్ని సీట్లే అన్న లెక్క కూడా ఉండేది కాదు. డబ్బున్న పాత కుటుంబాల పిల్లలు ఖరీదైన బోర్డింగు స్కూళ్ళలో చదివి వచ్చేవారు కాబట్టి ఈ పరీక్షతో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అదే సమయంలో రష్యా నుంచి, తూర్పు యూరప్ నుంచి లక్షలాది యూదులు అమెరికాకి వలస వచ్చారు. వాళ్ళ పిల్లలు బోస్టన్, న్యూయార్క్ ప్రభుత్వ పాఠశాలల్లో చదువుకుని, అదే పరీక్ష రాసి, పాసై లోపలికి రావడం మొదలుపెట్టారు. 1900లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు నూటికి 7 మంది. 1922 నాటికి 21 దాటారు. న్యూయార్క్‌లోని కొలంబియాలో ఒక దశలో 40 దాకా వెళ్ళారు. పరీక్షలో ఏ మార్పూ లేదు, రాసేవాళ్ళు మారారు, అంతే.

అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్. 1909 నుంచి 1933 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. వలసలు తగ్గించాలని పోరాడే సంఘానికి ఉపాధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. యూదులు మరీ ఎక్కువైతే పాత కుటుంబాల వాళ్ళు తమ పిల్లల్ని పంపడం మానేస్తారని ఆయన భయం. 1922లో యూదులకి నూటికి 15 అని పరిమితి పెడదామని ప్రతిపాదించాడు. ఆయన మాట దాచుకునే రకం కాదు, బయటికే అన్నాడు. పత్రికల్లో గగ్గోలు పుట్టింది. అధ్యాపకుల కమిటీ ఒకటి వేశారు. 1923లో ఆ కమిటీ, జాతిని బట్టీ మతాన్ని బట్టీ పరిమితి కూడదని తేల్చింది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నేనీ రోజు ఈ ప్రసంగం చెయ్యనక్కర్లేదు. ఆ కమిటీయే ఇంకో సిఫార్సు చేసింది. దేశంలో ఏ హైస్కూల్లోనైనా తరగతిలో మొదటి ఏడో వంతులో ఉన్నవాళ్ళకి పరీక్ష లేకుండానే సీటివ్వాలని. పడమటి రాష్ట్రాల నుంచి, దక్షిణాది పల్లెటూళ్ళ నుంచి పిల్లలొస్తారు, ఆ విధంగా యూదుల నిష్పత్తి దానంతటదే తగ్గుతుందని కొందరి ఆశ. జరిగింది తిరగబడింది. ఆ మొదటి ఏడో వంతులోనూ యూదు పిల్లలు బాగానే ఉన్నారు! 1925లో వాళ్ళ వాటా 27 శాతం దాటింది.

దాంతో లోవెల్ 1926లో అసలు మార్పు తెచ్చాడు. మొదటి సంవత్సరం సీట్లు వెయ్యికి పరిమితం చేశారు. పరిమితి ఉంటే ఎంపిక తప్పదు కదా! ఆ ఎంపికకి మార్కులు మాత్రమే చాలవు, విద్యార్థి గుణశీలాలు, వ్యక్తిత్వం, నాయకత్వ లక్షణాలు చూడాలన్నారు. దరఖాస్తుకి ఫొటో జతచెయ్యాలన్నారు. 1922 శరదృతువు నుంచే దరఖాస్తు ఫారంలో కొత్త ప్రశ్నలు చేరాయి. మీ జాతి, రంగు ఏమిటి? మతం ఏది? తల్లి పుట్టింటి పేరేమిటి? తండ్రి ఎక్కడ పుట్టాడు? వీటన్నిటికంటే ముచ్చటైనది ఒకటుంది: పుట్టిన తర్వాత మీ పేరుగానీ మీ నాన్నగారి పేరుగానీ మార్చుకున్నారా? మార్చుకుంటే వివరంగా రాయండి, అని.

ఈ ప్రశ్న మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్సేపు మాట రాలేదు. మన సుబ్రహ్మణ్యాలు "సామ్"లూ, మన వెంకటేశ్వర్లు "వెంకీ"లూ అయిన ఊరిలోనే ఉంటున్నాను మరి.

ఫలితం వాళ్ళనుకున్నట్టే వచ్చింది. కొద్దేళ్ళలో యూదుల వాటా లోవెల్ మొదట కోరిన 15 శాతం చుట్టుపక్కలకే దిగింది. పరిమితి అన్న మాట ఎక్కడా కాగితం మీద లేదు. పరిమితి అని రాస్తే ఎవరైనా లెక్కపెట్టి పోట్లాడగలరు. "వ్యక్తిత్వం" అంటే ఏం లెక్కపెడతారు? పూర్వ విద్యార్థుల పిల్లలకి ప్రత్యేక మర్యాద ఇవ్వడం కూడా ఈ పెద్ద కాలేజీల్లో ఆ 1920లలోనే పాతుకుంది. జెరోమ్ కారబెల్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ 2005లో ఈ చరిత్రంతా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ల పాత కాగితాలు తవ్వితీసి పెద్ద గ్రంథమే రాశారు. ఓపిక ఉన్నవాళ్ళు లైబ్రరీలో అడిగి చదవండి.

ఇంకో విచిత్రం. సరిగ్గా అదే 1926లో, జూన్ 23న, ఎనిమిది వేల పైచిలుకు విద్యార్థులు శాట్ పరీక్షని మొట్టమొదటిసారి రాశారు. దాన్ని తయారుచేసిన కార్ల్ బ్రిగమ్, ఉత్తర యూరప్ వాళ్ళే తెలివైనవాళ్ళని 1923లో పుస్తకం రాసిన మనిషి. 1930లో ఆయనే ఆ వాదనకి ఆధారం లేదని ఒప్పుకున్నాడు. తర్వాత హార్వర్డ్ అధ్యక్షుడైన కోనంట్ ఇదే పరీక్షని, ఊరూపేరూ లేని పేదింటి పిల్లల్ని వెతికి స్కాలర్‌షిప్పులివ్వడానికి వాడాడు. కాబట్టి శాట్ దేవుడూ కాదు, దయ్యమూ కాదు. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రావడానికి దారి తెరిచింది 1965 నాటి వలస చట్టం. డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చారు. వాళ్ళ పిల్లలు కాలేజీకి ఎదిగేసరికి ఇక్కడి పరిస్థితి ఇంకోలా ఉంది. పౌరహక్కుల ఉద్యమం తర్వాత నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోవడానికి కాలేజీలు ప్రయత్నాలు మొదలుపెట్టాయి. కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీలకి విడిగా ఉంచితే, సీటు రాని అలెన్ బాకీ అనే తెల్లజాతి యువకుడు కోర్టుకెక్కాడు. 1978లో సుప్రీం కోర్టు, సీట్లు విడిగా కేటాయించడం తప్పు, కానీ అనేక విషయాల్లో ఒకటిగా జాతిని కూడా చూడొచ్చు అంది. జస్టిస్ పావెల్ ఆదర్శంగా చూపించిన పద్ధతి ఎవరిదనుకుంటున్నారు? హార్వర్డ్‌ది! ఒకప్పుడు యూదుల్ని ఆపడానికి కట్టిన గుమ్మమే, నల్లవాళ్ళని లోపలికి పిలవడానికి రాజ్యాంగ సమ్మతమైన గుమ్మమైంది. ఇందులో తప్పొప్పులు ఒక్క మాటలో తేల్చేవి కావు. ఆ గుమ్మం గుండా చదువుకుని డాక్టర్లూ లాయర్లూ అయిన నల్లజాతి వాళ్ళు ఒక తరం మొత్తం ఉన్నారు.

1980లలో ఆసియా వాళ్ళ ఫిర్యాదులు మొదలయ్యాయి. దరఖాస్తులు పెరుగుతున్నాయి, సీట్లు మాత్రం పెరగడం లేదని. బ్రౌన్, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీల్లో విచారణలు జరిగాయి. 1989లో బర్క్‌లీ ఛాన్సలర్ క్షమాపణ చెప్పారు. హార్వర్డ్ మీద కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ విచారణ జరిపి 1990లో నివేదిక ఇచ్చింది. వివక్ష లేదని తేల్చింది. మరి తెల్లవాళ్ళ కంటే ఆసియా పిల్లలకి ప్రవేశం ఎందుకు తక్కువగా దొరుకుతోంది? పూర్వ విద్యార్థుల పిల్లలకీ, ఆటగాళ్ళకీ ఇచ్చే మొగ్గు వల్ల, అంది. అది చట్టబద్ధమేనట! అంటే మీ తాత అక్కడ చదివి ఉండాలి. మా తాతగారు గోదావరి అవతల పొలం దున్నుకుంటున్న రోజులవి.

ఇక్కడ మన ఊరి సంగతి చెప్తానన్నాను. ఎంసెట్ ర్యాంకుతో గొడవే లేదన్నాం కదా. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విశ్వవిద్యాలయ ప్రాంతాన్ని బట్టి 85 శాతం సీట్లు స్థానికులకే. రాష్ట్రమంతటికీ చెందిన కాలేజీల్లో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర ప్రాంతాలకి 42, 36, 22 చొప్పున వాటాలు. ఒకే ర్యాంకుతో ఒక ప్రాంతం వాడికి సీటొచ్చి, ఇంకో ప్రాంతం వాడికి రాకపోవడం మనం చూసిందే. ఇంకా వెనక్కి వెళ్తే, విశాఖపట్నం, గుంటూరు మెడికల్ కాలేజీలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో ప్రతి 14 సీట్లనీ పంచేవారు: బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనుకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకి కలిపి 1, ముస్లింలకి 1. దీని మీద చంపకం దొరైరాజన్ అనే ఆవిడ కోర్టుకెళ్ళారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. మూడు నెలలు తిరక్కుండానే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వెనుకబడిన వర్గాలకి ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చని చేర్చారు. అక్కడా గొడవే, ఇక్కడా గొడవే. ఒక్క తేడా ఉంది. అక్కడ లెక్క గోడ మీద ఉండేది, చూసి తిట్టుకోవచ్చు. ఇక్కడ అది తలుపు వెనకాల ఉంటుంది.

ఆ తలుపు కొంచెం తెరుచుకున్నది 2018లో, బోస్టన్ కోర్టులో. 2014లో హార్వర్డ్ మీద వేసిన దావా విచారణకొచ్చింది. హార్వర్డ్ లోపలి కాగితాలు బయటపడ్డాయి. చదువులో, చదువు కాని మిగతా వ్యాపకాల్లో ఆసియా పిల్లలకి మంచి గ్రేడులు. ఒక్క "పర్సనల్ రేటింగ్" దగ్గర మాత్రం, అంటే స్నేహశీలత, ధైర్యం, దయ లాంటివాటికి, సగటున అందరికంటే తక్కువ. ఆ రేటింగ్ వేసే ఆఫీసు వాళ్ళు చాలామంది పిల్లల్ని కంటితో చూసి ఉండరు. 1926 నాటి "వ్యక్తిత్వం" మళ్ళీ వినపడలేదూ! జడ్జి అయితే 2019లో హార్వర్డ్ పక్షానే తీర్పిచ్చారు, ఉద్దేశపూర్వక వివక్షకి రుజువు లేదని.

అదే విచారణలో బయటికొచ్చిన ఇంకో లెక్క మీద మన పార్టీల్లో చర్చ తక్కువ. పూర్వ విద్యార్థుల పిల్లల్లో మూడో వంతు మందికి సీటు దొరికింది. మిగతావాళ్ళకి నూటికి ఆరుగురికి. చేరిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతం మంది ఆటగాళ్ళో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, దాతల బంధువుల్లాంటి డీన్ ప్రత్యేక జాబితా వాళ్ళో. మన పిల్లలకి సీటు రాకపోతే మనం ముందు నల్లపిల్లల వైపు వేలు చూపిస్తాం. నాకది న్యాయంగా అనిపించదు. ఆ వేలు తిప్పవలసిన దిక్కు వేరే ఉందని అంకెలే చెబుతున్నాయి.

2023 జూన్ 29న సుప్రీం కోర్టు జాతిని చూసే పద్ధతినే కొట్టేసింది. మన వాట్సాప్ గ్రూపుల్లో మిఠాయిలు పంచినంత పని చేశారు. మరుసటి ఏడు లెక్కలొచ్చాయి. ఎం.ఐ.టి.లో ఆసియా విద్యార్థులు 40 నుంచి 47 శాతానికి పెరిగారు, నల్లజాతి వాళ్ళు 13 నుంచి 5కి పడిపోయారు. హార్వర్డ్‌లో ఆసియా వాటా 37 దగ్గర కదల్లేదు. యేల్‌లో అయితే 30 నుంచి 24కి తగ్గింది! మిఠాయి పంచినవాళ్ళకి దీన్ని ఎలా వివరించాలో తెలియలేదు. ఆ తీర్పు పూర్వ విద్యార్థుల పిల్లల జోలికి పోలేదు. అది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చేస్తున్నాయి. 2024లో వర్జీనియా తన ప్రభుత్వ కాలేజీల్లో తీసేసింది. కాలిఫోర్నియా అదే ఏడు ప్రైవేటు కాలేజీలకి కూడా వర్తించేలా చట్టం చేసింది.

నన్ను కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. కౌన్సెలింగ్ అని డబ్బు తీసుకునేవాళ్ళు కొందరు మన పిల్లలకి చెప్పే సలహా: వయొలిన్ రాయకు, చెస్ రాయకు, డాక్టరవుతానని రాయకు, మరీ ఆసియా పిల్లలా కనపడకు. మా అమ్మాయి స్నేహితురాలు ఒకమ్మాయి పన్నెండేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. రంగప్రవేశానికి వాళ్ళ ఊరినుంచి అమ్మమ్మ వచ్చింది. ఆ ముక్క వ్యాసంలోంచి తీసేయమన్నారట. తీసేసింది. పదిహేడేళ్ళ పిల్ల, తను తనలా కనపడకూడదని నేర్చుకుంది. సీటు వచ్చిందా రాలేదా అని మీరడుగుతారు, వచ్చింది. ఆ వ్యాసంలో ఏం రాశావమ్మా అని అడిగితే మాత్రం చూపించలేదు.

1922 ఫారంలో పేరు మార్చుకున్నారా అని అడిగారు. ఇప్పుడెవరూ అడగడం లేదు, మనమే మార్చి ఇస్తున్నాం.

సమయం అయిపోవచ్చిందని మా ఇంజినీరు గారు సైగ చేస్తున్నారు. ఈ విషయం మీద మీ ఇంట్లో పిల్లలేమంటున్నారో, ముఖ్యంగా మనతో ఏకీభవించని పిల్లలు, వాళ్ళ చేతే ఫోన్ చేయించండి. తెలుగు సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు. నమస్కారం.