మూగ తెరకు స్వరమిచ్చిన వాద్యకారుడు

మూకచిత్రముల ప్రదర్శన నిశ్శబ్దముగా సాగెడిదని నేడు పలువురు తలచుచున్నారు. తెర మూగదైనను ప్రదర్శనశాల మూగగా నుండలేదు. చిన్న శాలలలో పియానో, పెద్ద శాలలలో వాద్యబృందము, తరువాత ఆర్గన్ అను మహావాద్యము చిత్రమునకు తోడుగా మ్రోగెడివి.

ఇంగ్లండు దేశీయుడైన రాబర్టు హోప్‌జోన్సు 1910లో అమెరికాలోని వుర్లిట్జరు సంస్థలో చేరిన పిదప ఈ వాద్యమునకు ప్రాచుర్యము హెచ్చెను. గాలితో పలుకు గొట్టములే గాక డోళ్లు, గంటలు, తాళములు సైతము విద్యుత్తు సహాయమున ఒక్కని చేతిక్రిందికి వచ్చెను. బృందమున కంతకును జీతము లిచ్చుటకంటె ఒక్కని కిచ్చుట శాలల యజమానులకు చౌక.

గేలార్డ్ కార్టర్ 1905లో జర్మనీలోని వీస్‌బాడెన్ నగరమున జన్మించి, అమెరికాలోని విచిటాలో పెరిగెను. పిదప లాస్ ఏంజిలిస్ చేరి యొక సినిమాశాలలో వాయించుచుండగా, హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ పక్షమువారు ఆతని ప్రతిభను గుర్తించిరి. 1926లో ఆతనికి మిలియన్ డాలర్ థియేటరులో స్థానము లభించెను.

చిత్రముతో వచ్చు సూచనపత్రమున ఏ ఘట్టమునకు ఏ బాణీ తగునో మాత్రమే యుండెడిది. మిగిలినదంతయు వాద్యకారుని మనోధర్మము. మన గాయకుడు ఆలాపనలో నచ్చిన స్వరముకడ నిలువగలడు. ఆర్గన్ వాద్యకారున కా స్వేచ్ఛ లేదు. నాయకుడు పరుగెత్తిన సంగీతమును పరుగెత్తవలెను. కన్నులు తెరపై, చేతులు మెట్లపై, పాదములు అడుగుమెట్లపై నుంచి, రానున్న ఘట్టమును ముందే యెఱిగి వాయింపవలెను.

1927లో 'ది జాజ్ సింగర్' వెలువడినది. కొలది యేండ్లలోనే చిత్రములు మాటలు నేర్చెను. వేలాది వాద్యకారులు జీవనోపాధి కోల్పోయిరి. కార్టరుకు ఆశ్రయమిచ్చినది రేడియో. 'ఏమస్ అండ్ ఆండీ' అను ప్రసిద్ధ హాస్యకార్యక్రమమునకు ఆతడు కొన్ని సంవత్సరములు ఆర్గన్ వాయించెను. ఆ కార్యక్రమపు ప్రారంభగీతము 1915లో ఒక మూకచిత్రముకొఱకు జోసెఫ్ కార్ల్ బ్రీల్ కూర్చినదే యగుట విశేషము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము పాతచిత్రములపై ఆసక్తి మరల చిగిర్చినపుడు కార్టర్ తిరిగి ఆర్గన్ ముందు కూర్చుండెను. 1927 నాటి 'వింగ్స్' చిత్రమునకు ఆతని వాద్యము వీడియో ముద్రణలో నిలిచినది. 2000లో, తొంబదియైదవ యేట, ఆతడు కన్నుమూసెను.

నాటి చిత్రములలో కొన్నియైనను డబ్బాలలో భద్రముగా మిగిలినవి. వానితోబాటు 1926లో ప్రతి రాత్రియు అప్పటికప్పుడు పుట్టిన సంగీతము మాత్రము ఆ రాత్రితోనే ముగిసినది. దానిని దాచుకొన్నవి శ్రోతల చెవులు మాత్రమే.