చెప్పుల కాపలా

1980ల్లో విజయనగరంలో నేను చదివిన బడిలో డ్రిల్లు పీరియడు అంటే ఆడపిల్లలకు ఖోఖో. జట్టు నాయకురాళ్ళిద్దరూ ఒక్కొక్కరినే కోరుకుంటూ పోయేవారు. అందరినీ పంచుకున్నాక నేను మిగిలేదాన్ని. "నువ్వు చెప్పులు చూస్తుండవే" అనేవారు. వేపచెట్టు మొదట్లో కూర్చుని నలభై జతలకు కాపలా కాసేదాన్ని. నాకు ఉబ్బసం. చలికాలంలో పది అంగలు పరుగెత్తితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒప్పులకుప్ప ఆడినా కళ్ళు తిరిగేవి.

పైగా మాది కోడి రామ్మూర్తి నాయుడు కసరత్తు నేర్చిన ఊరు. ఆయన వీరఘట్టంలో పుట్టి, మా ఊళ్ళో పెరిగారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి బడిలో డ్రిల్లు నేర్పారు. సర్కస్ పెట్టింది ఆ తర్వాతే. గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకోవడం, ఉక్కు గొలుసులు తెంచడం మా తాతయ్య చేతులు ఊపుతూ చెబుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. వ్యాయామమంటే అలాంటి ఒంటికోసం పుట్టిందేననీ, నాలాంటిదాని జోలికి రాదనీ ఆనాడే తేల్చేసుకున్నాను.

ఇప్పుడు రోజూ తెల్లవారి ఐదున్నరకి విశాఖ బీచ్‌రోడ్డులో రామ్మూర్తి నాయుడు విగ్రహం ముందునుంచే స్కూటీ మీద క్లాసుకి వెళ్తాను. ఆరింటికల్లా ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు హాల్లో నిలబడి ఉంటారు. పదమూడేళ్ళుగా నేను ఏరోబిక్స్ నేర్పుతున్నాను.

ఈ పని ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెడితే, నేను అనుకున్నదానికి పూర్తిగా ఎదురు కథ కనిపించింది. మా బడి డ్రిల్లుకు ఒక వేరు సైన్యంలో ఉంటే, ఇంకో వేరు స్వీడన్‌లో ఉంది. 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం పెట్టిన పెర్ హెన్రిక్ లింగ్ చెయ్యి నొప్పితో బాధపడ్డ మనిషి. రోజూ కత్తిసాము చేస్తుంటే ఆ చెయ్యి బాగుపడింది. అది చూశాకే శరీరంలో ఏ భాగానికి ఏ కదలిక మేలు చేస్తుందో వెతుక్కుంటూ వెళ్ళాడు. వరుసల్లో నిలబడి, లెక్క ప్రకారం చేతులూ కాళ్ళూ కదిపే ఆ పద్ధతి తర్వాత ఇంగ్లండు బడులకు పాకింది.

అయితే నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు తిరగేసింది మేరీ బాగట్ స్టాక్ కథ. ఆమె 1883లో డబ్లిన్‌లో పుట్టింది. పదిహేడేళ్ళప్పుడు కీళ్ళవాతపు జ్వరం ఆమెను మంచాన పడేసింది. కోలుకున్నాక వ్యాయామం నేర్చుకుని, దాన్నే బతుకుతెరువు చేసుకుంది. గూర్ఖా రెజిమెంటు అధికారిని పెళ్ళాడి మన దేశానికి వచ్చి, గఢ్వాల్ కొండల్లోని లాన్స్‌డౌన్‌లో కాపురం ఉంది. ఇక్కడే ఆసనాలు నేర్చుకుంది. 1914 జులైలో కూతురు ప్రునెల్లా అక్కడే పుట్టింది. ఆ ఏడాదే యుద్ధంలో భర్త చనిపోయాడు. చంటిబిడ్డతో ఇంగ్లండు చేరిన ఆ మనిషి, 1930లో లండన్‌లో 'విమెన్స్ లీగ్ ఆఫ్ హెల్త్ అండ్ బ్యూటీ' పెట్టింది.

క్లాసుకి ఆరు పెన్నీలు. పియానో వాయిస్తుంటే అందరూ ఒక్కసారిగా కదిలేవారు. వచ్చినవాళ్ళు ఆటగత్తెలు కారు. ఆఫీసుల్లో రోజంతా టైపు కొట్టేవాళ్ళు, దుకాణాల్లో నిలబడి కాళ్ళు లాగేవాళ్ళు, ఇంటిచాకిరీలో నడుము పట్టేసినవాళ్ళు. తెల్ల శాటిన్ జాకెట్టూ నల్ల నిక్కరూ వేసుకుని ఆ ఏడాదే హైడ్ పార్కులో నలుగురి ఎదుటా వ్యాయామం చేశారు. బడిలో ఏ జట్టూ కోరుకోని పిల్లలు వాళ్ళలో ఎందరో ఉండే ఉంటారని నా నమ్మకం. 1935లో మేరీ చనిపోయాక ఇరవై ఏళ్ళ ప్రునెల్లా ఆ సంస్థను తన చేతుల్లోకి తీసుకుంది. మేరీ చెప్పిన ఆశయాల్లో 'జాతి ఆరోగ్యం' అనే మాట ఉంది. ఆ కాలపు ఐరోపాలో ఆ మాట ఎటు దారితీసిందో తెలిసినదాన్ని కాబట్టి అక్కడ ఆమెతో ఏకీభవించలేను. కానీ ఆరు పెన్నీలకు తలుపు తెరిచిన చెయ్యి ఆమెది. అది మరిచిపోలేను.

తర్వాతి చరిత్ర చాలామందికి తెలిసిందే. 1968లో అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 'ఏరోబిక్స్' పుస్తకం రాశాడు. మరుసటేడు షికాగో దగ్గర జూడీ షెపర్డ్ మిసెట్ అనే నర్తకి, తన డాన్సు క్లాసులో పెద్దవాళ్ళు నిలవడం లేదని గమనించింది. వాళ్ళను అద్దంవైపు కాకుండా తనవైపు తిప్పి నిలబెట్టింది. కష్టమైన అడుగులు తేలిక చేసింది. జాజర్‌సైజ్ అనే డాన్సు వ్యాయామం అలా పుట్టింది. నటి జేన్ ఫోండా సినిమా షూటింగులో పాదం విరిగి బాలే మానాల్సి వచ్చాకే ఇటువైపు తిరిగింది. 1982లో వచ్చిన ఆమె వీడియో ఇళ్ళ ముందుగదుల్నే వ్యాయామశాలలు చేసింది. వ్యాయామ శిక్షకురాలు జిన్ మిల్లర్‌కి మోకాలు దెబ్బతింటే, మెట్టు ఎక్కి దిగుతూ ఉండమన్నారు. ఆ ఎక్కిదిగడమే 1980ల చివర స్టెప్ ఏరోబిక్స్ అయింది. చెయ్యి, కీళ్ళు, పాదం, మోకాలు. ఎక్కడ తడిమినా ఒక నొప్పి తగులుతుంది. ఈ వరుసలో నా ఛాతీకీ చోటుందనిపించి, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నేను ముప్ఫై ఒకటో ఏట, రెండో కాన్పు తర్వాత డాక్టరమ్మ మెల్లగా మొదలుపెట్టమంటే క్లాసులో చేరాను. తలుపు దగ్గర, ఆఖరి వరసలో నిలబడ్డాను. మూడేళ్ళకి మా టీచరమ్మ బెంగుళూరు వెళ్ళిపోతూ క్లాసు నన్ను తీసుకోమంది. నావల్ల కాదండీ అన్నాను. "తప్పటడుగు ఎక్కడ పడుతుందో నీకు తెలుసమ్మా. చక్కగా చేసేవాళ్ళకి అది కనబడదు" అంది. శిక్షణకి వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను.

ఈ పనిలో కష్టమంతా లెక్కలో ఉంది. పాట ఎనిమిదేసి దరువులుగా నడుస్తుంది. నాలుగు ఎనిమిదులు ముప్ఫై రెండు, ఒక అడుగుల వరస. ముప్ఫై రెండు పూర్తవడానికి నాలుగు దరువుల ముందే తర్వాతి అడుగు చెప్పాలి. ఆలస్యమైతే ముందు వరస సర్దుకుంటుంది గానీ, వెనకవాళ్ళు తడబడతారు. క్లాసుకి ఎదురుగా నిలబడ్డప్పుడు నా కుడి కాలు కదుపుతూ నోటితో 'ఎడమ' అనాలి. ఇది అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది. ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూడా పిల్లలకి ఎడమకి కుడి చెప్పేదాన్ని. వార్మప్ పది నిమిషాలకు తక్కువ చెయ్యను. ఉబ్బసం ఉన్నవాళ్ళకి శరీరం నెమ్మదిగా వేడెక్కాలి. ఆ పది నిమిషాలూ ఎందుకని ఎవరైనా అడిగితే ఓపికగా చెబుతాను.

మొన్న సోమవారం ఒకమ్మాయి వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. తలుపు దగ్గరే ఆగిపోయింది. గుప్పిట్లో నీలం రంగు ఇన్‌హేలర్ కనిపించింది.

"నాకు ఆటలూ అవీ రావు మేడమ్."

"రామ్మా. అది నా స్పీకర్ పక్కన పెట్టు, నాది కూడా అక్కడే ఉంది" అన్నాను. పెట్టి వచ్చి, రెండో వరసలో ఖాళీ చూసుకుని నిలబడింది. పాట పెట్టాను.